పిల్లల తల మీద ఒట్టు వేయించకండి

"తాగనప్పుడు బంగారంలాంటి మనిషి." తాగే భర్త గురించి మన ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. అబద్ధమేమీ కాదు. పిల్లల కష్టం మాత్రం అక్కడే మొదలవుతుంది. ఎప్పుడూ కోపంగా ఉండే తండ్రితో ఎలా మెలగాలో పిల్లలు నేర్చుకుంటారు. పొద్దున ముద్దుచేసి బడి దగ్గర దింపిన నాన్నే రాత్రి కంచం విసిరేస్తే, ఏ నాన్నను నమ్మాలి? గేటు చప్పుడు, మాట తడబాటు వింటూ ఈ రాత్రి ఎలా గడుస్తుందోనని లెక్కలు వేసుకుంటారు. పుస్తకం ముందున్నా చెవి గుమ్మం దగ్గరే ఉంటుంది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో మద్యం తాగేవారు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లోనూ దేశ సగటు కన్నా ఎక్కువే. దేశ సగటు 19 శాతమే. వీళ్లంతా వ్యసనపరులు కారు. అయినా మనకిది పక్కింటి సమస్య కాదు.

తండ్రి తాగితే తల్లి పెంపకం కూడా దెబ్బతింటుంది. అప్పులు, టెన్షన్, నిద్రలేమి కలిసి ఆమె కోపం పిల్లల మీదికి మళ్లుతుంది. గొడవ మొదలవగానే తమ్ముణ్ణి పక్కగదిలోకి తీసుకెళ్లి టీవీ సౌండ్ పెంచే బాధ్యత పెద్దకూతురిది. ఆ పిల్లను "ఎంత బుద్ధిమంతురాలో" అని మెచ్చుకుంటాం. ఆ బుద్ధి భయంతో వచ్చిందని గమనించం.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది ఒట్టు. పెద్దమనుషులు తాగే తండ్రిని కూర్చోబెట్టి, బిడ్డ తల మీద చెయ్యి పెట్టించి "ఇక ముట్టను" అనిపిస్తారు. ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగిన ఒళ్లు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ వస్తాయి, ప్రాణాపాయం కూడా ఉంటుంది. డాక్టర్ పర్యవేక్షణ, మందులు కావాలి. అవేవీ లేక అతను మళ్లీ సీసా పట్టుకుంటాడు. ఒట్టు తప్పినందుకు తనకేదో అవుతుందని బిడ్డ వణికిపోతుంది. నాన్నకు తనకన్నా మందే ఎక్కువని నమ్ముతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. తాగుడును ఇంటి పరువు సమస్యగా దాచిపెట్టకుండా ఊరి సమస్యగా వీధిలోకి తెచ్చారు. 1993లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ తర్వాత ఏ ఇంటి బాధ ఆ ఇంట్లోనే మగ్గిపోతోంది.

బిడ్డకు అండగా నిలవడానికి తండ్రి మానేదాకా ఆగకూడదు. "నాన్నది జబ్బు, నీ తప్పు కాదు" అని ఇవాళే చెప్పాలి. మందు తెమ్మనో, నాన్నను పిలుచుకురమ్మనో బెల్టు షాపుకు పంపడం మానాలి. ఉచిత మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్ నంబర్ 14416. తాగే మనిషి ఒప్పుకోకపోయినా ఇంట్లో ఎవరైనా ఫోన్ చేయవచ్చు.