హంగేరీలో నాయకుడి ముఖం: కాన్వాసు నుంచి కెమెరా దాకా

17వ శతాబ్దపు హంగేరీ ప్రభువుల నిలువెత్తు చిత్రాలు వరసగా చూస్తూ పోతే కాసేపటికి ఎవరు ఎవరో గుర్తుండదు. నిలబడే తీరు ఒకటే. భుజాన బొచ్చు అంచున్న 'మెంటే' కోటు, నడుముకు కత్తి, చేతిలోనో పక్కన బల్ల మీదో గద. పై మూలన వంశ చిహ్నం, దగ్గరే లాటిన్‌లో పేరు, హోదా, వయసు. ఇవాళ టీవీ తెర కింద వేసే పేరు పట్టీ చేసేదీ ఇదే పని. మనం ముఖం సరిగ్గా చూసేలోపే ఈయన ఎంతటివాడో చెప్పేస్తుంది.

ఈ చిత్రాలు వేయించిందీ, డబ్బిచ్చిందీ, గోడకు తగిలించుకుందీ బొమ్మలోని మనిషో అతని కుటుంబమో. అందుకే పూర్వీకులు తక్కువైనా ఇబ్బంది రాలేదు, కల్పించుకున్నారు. పాల్ ఎస్టర్‌హాజీ ప్రభువు 1700లో అచ్చు వేయించిన వంశచరిత్రలో అసలు పుట్టని తాతముత్తాతలకు కూడా కవచాలు తొడిగిన నిండైన చిత్రాలున్నాయి. బొమ్మ ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క!

అడిగేవాడి మీద పట్టు అవతలివాడిదే అయితే ఇంటర్వ్యూ కూడా ఇలాగే తయారవుతుంది. విక్టర్ ఓర్బాన్ ప్రధానిగా ఉండగా ఏళ్ల తరబడి శుక్రవారం ఉదయాల్లో ప్రభుత్వ కొషుత్ రేడియోలో మాట్లాడేవారు. ప్రశ్నలు వచ్చేవి, కానీ ఎదురు ప్రశ్న దాదాపు వినపడేది కాదు. 2006 ఏప్రిల్‌లో అప్పటి ప్రధాని ఫెరెంత్స్ జుర్చానితో టీవీ చర్చలో ఓర్బాన్ తడబడ్డారని చాలామంది అనుకున్నారు. ఆ ఎన్నికల్లో ఆయన పార్టీ కూడా ఓడింది. ఆ తర్వాత 2010, 2014, 2018, 2022 ఎన్నికల్లో ఏ ప్రత్యర్థితోనూ అలా ఎదురెదురుగా కూర్చోలేదు. 2022లో ప్రతిపక్షాల ఉమ్మడి అభ్యర్థి పీటర్ మార్కి-జాయ్‌కి ప్రభుత్వ టీవీలో దక్కింది 5 నిమిషాలు. ఏ ఛానల్ ఎవరిదో అడక్కుండానే తెలిసిపోయే మన తెలుగు ప్రేక్షకులకు ఇదేమీ వింతగా తోచకపోవచ్చు.

నాకు ఆసక్తి కలిగించేది 1712 నాటి ఒక చిత్రం. హంగేరీని ఏలుతున్న హాబ్స్‌బర్గ్ రాజవంశం మీద 1703 నుంచి 1711 దాకా సాగిన తిరుగుబాటుకు నాయకుడైన రెండో ఫెరెంత్స్ రాకోత్సిని, ఆయన ఆస్థాన చిత్రకారుడు ఆదామ్ మాన్యోకి బాల్టిక్ తీరంలోని దాన్‌జిగ్‌లో చిత్రించాడు. అప్పటికి పోరాటం ముగిసింది, రాజ్యం పోయింది, ప్రభువు ప్రవాసి. చిత్రంలో నిలువెత్తు భంగిమ లేదు, గద లేదు, బల్ల లేదు. చీకటి నేపథ్యం, పొడవైన జుట్టు, మీసం, మనకేసి చూసే కళ్లు. మెడలో గోల్డెన్ ఫ్లీస్ అనే రాచ గౌరవ పతకం మాత్రం ఉంది. దాన్ని తీసేసి ఉంటే అది వేరే నటన అయ్యేది. హోదా ఇంకా ఉందని చెప్పుకోవాలన్న కోరిక, లేదన్న ఎరుక, రెండూ ఆ ముఖంలోనే కనిపిస్తాయి. హంగేరీ చిత్రకళలో అంతకుముందు ఇలాంటి ముఖం అరుదు.

2024 ఫిబ్రవరి 11న యూట్యూబ్‌లోని పార్టిజాన్ ఛానల్‌లో ప్రశ్నలడిగే మార్టన్ గుయాష్ ఎదుట పీటర్ మాగ్యార్ కూర్చున్నాడు. అంతకు ముందు రోజే, పిల్లలపై లైంగిక వేధింపుల కేసును కప్పిపుచ్చడంలో దోషి అయిన ఒకరికి క్షమాభిక్ష పెట్టిన వివాదంలో దేశాధ్యక్షురాలు కాతలిన్ నోవాక్ రాజీనామా చేశారు. మాగ్యార్ అప్పటి పాలక పక్షపు (ఓర్బాన్ పార్టీ) లోపలి మనిషి, మాజీ న్యాయ మంత్రి మాజీ భర్త. గంటకు పైగా సాగిన ఆ సంభాషణను 20 లక్షల మందికి పైగా చూశారు. దేశ జనాభా కోటికి తక్కువ. ఆ జూన్‌లో యూరప్ పార్లమెంటు ఎన్నికల్లో అతని తిసా పార్టీకి దాదాపు 30 శాతం ఓట్లు పడ్డాయి.

ఆ ఇంటర్వ్యూను నిజాయితీ గెలిచిన క్షణంగా చెప్పేవాళ్లున్నారు. నేనంత దూరం వెళ్లను. అతనూ తన బొమ్మ గీయించుకోవడానికే వచ్చాడు. తేడా ఒక్కటే, కుంచె అతని చేతిలో లేదు. స్టూడియో పార్టీది కాదు, తదుపరి ప్రశ్న ఏమిటో అతనికి తెలియదు. ఒక జవాబు చెప్పాక ఇంకోటి అడిగినప్పుడు కళ్లు ఎటు తిరిగాయో జనం చూశారు. ఆ వీలు శుక్రవారపు రేడియోలో ఉండేది కాదు.

మాన్యోకి చిత్రం చాలాకాలం జర్మనీలోని సాక్సనీలోనే ఉండిపోయింది. 1925లో మార్సెల్ నెమెష్ అనే సేకర్త దాన్ని హంగేరీకి బహూకరించాడు. ఇప్పుడు అసలు చిత్రం బుడాపెస్ట్ జాతీయ గ్యాలరీలో ఉంది. 500 ఫోరింట్ల నోటు మీది ముఖానికి ఆధారం అదే.