విపరిశోధకుడియక చవితి

డిగ్రీ ఫస్టియర్‌కి ఉత్పలమాల చెబుతున్నాను. భ-ర-న-భ-భ-ర-వ, పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. 40 నిమిషాలు బోర్డు నిండా గురులఘువులు వేసి, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ "డౌట్లున్నాయా?" అన్నాను.

నాలుగో బెంచీ కుర్రాడు లేచాడు. "సార్, మిగతా పంతొమ్మిది మందీ సంసారంలో ఉంటే పదోవాడొక్కడే ఎందుకు సన్యాసి అయ్యాడు?"

తప్పు వాడిది కాదు. మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ పొత్తు కుదరడమే యతి అన్న అసలు ముక్క నేను చెప్పనే లేదు. ఆ రాత్రే కూర్చుని ఆరు పేజీల వ్యాసం రాశాను. పాఠం చెప్పి బోల్తాపడ్డ సంగతి నిజాయితీగా రాసుకుంటే అదీ పరిశోధనేనట, జర్నల్లో వేస్తారట. ప్రమోషన్ ఫైల్లో పెట్టుకోవచ్చు కూడా.

రెండు నెలలకు రివ్యూయర్ల మాట వచ్చింది. మొదటాయన, జరిగిన అనుభవాన్ని నెమరేసుకుని నేర్చుకోవడానికి గిబ్స్ అనే ఆయన 1988లో చెప్పిన ఆరు మెట్లు ఎక్కి రమ్మన్నారు. అందులో రెండోది 'మీకేమనిపించింది'. అక్కడ అనుభూతి చాల్లేదట. రెండో ఆయన: "వ్యాసంలో 'నేను' ఎక్కువైంది. 'పరిశోధకుడు' అని మార్చండి. శాంపిల్ సైజు తెలపలేదు." శాంపిల్ నేనొక్కణ్ణే కదండీ! మొత్తానికి ఏడవాలి, ఎవరు ఏడ్చారో మాత్రం తెలియకూడదు.

గడువు ఆ రాత్రి పన్నెండు. ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి 'నేను' బదులు 'పరిశోధకుడు', 'నా' బదులు 'పరిశోధకుడి' అని కొట్టి రీప్లేస్ ఆల్ నొక్కాను. 312 చోట్ల మార్చానంది. పని రాక్షసి!

ఎవరి రాతైనా కాపీ కొట్టామేమో పట్టే ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్‌లో కూడా వేశాను. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే ఏ గొడవా లేదు. నాది సున్నా. మురిసిపోయి పంపేశాను.

పొద్దున కాఫీ తాగుతూ చదివితే ఆ సున్నా ఎందుకొచ్చిందో అర్థమైంది. నన్నయ నుంచి నేటిదాకా ఎవరూ రాయని తెలుగు అది. కుర్రాడు కూర్చున్నది 'పరిశోధకుడిలుగో బెంచీ'లో. టీచరుగా చేసిన మా నాన్నగారి ప్రస్తావన ఒకటి పెట్టుకున్నాను, ఆయన 'పరిశోధకుడిన్నగారు' అయ్యారు. కాలేజీ తెరిచింది 'విపరిశోధకుడియక చవితి' సెలవుల తర్వాత. 'పరిశోధకుడు చెప్పాను' అని తెలుగు మాస్టారి వ్యాకరణం. 'అన్నాడు', 'విన్నాడు'ల గతి అడక్కండి.

సవరించిన కాపీ పంపుతాను మహాప్రభో అని ఎడిటర్‌కి మూడు మెయిళ్లు పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు. పది రోజులకు రెండో రివ్యూయర్ రాసింది వచ్చింది.

"భాష బాగా మెరుగుపడింది. నాలుగో పేజీలో ఒకచోట 'నన్ను' మిగిలిపోయింది. సరిచేయగలరు."