తుపాను రాత్రి తెరుచుకోవాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అప్పటి నుంచి వాయుగుండం మాట వినగానే సిక్కోలు జనం చేయి ఫోన్ మీదికి పోతుంది. గొట్టా బ్యారేజీ దగ్గర వంశధార ఎంత ఉంది, కంట్రోల్ రూమ్ నంబరేది, రేపు బడి ఉందా? సరిగ్గా ఆ గంటలోనే వెబ్‌సైట్ గిర్రున తిరుగుతూ కూర్చుంటే ఆ టెన్షన్ ఎవరికి చెప్పుకోవాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అధికారిక సైట్లు కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వారి ఉమ్మడి వేదిక మీద ఉన్నాయి. మా బెంగ మిగతా వాటి గురించి. మున్సిపాలిటీలు, దేవస్థానాలు, యూనివర్సిటీలు కొత్త సైటు అనుకోగానే మొదలయ్యే చర్చ ఒక్కటే: వర్డ్‌ప్రెస్సా, ద్రూపలా, జూమ్లానా? ఇవి వెబ్‌సైట్లు కట్టి నడిపే సాఫ్ట్‌వేర్లు. మూడూ ఓపెన్ సోర్సే, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉన్నవే. లైసెన్సుకు పైసా కట్టక్కర్లేదు. ఓపెన్ సోర్స్‌కే మొగ్గు చూపాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. అందులో మాకు పేచీ లేదు. కానీ ఆవు ఊరికే వచ్చినా మేత మనమే వేయాలి.

రద్దీ సంగతి తీసుకోండి. రథసప్తమికి అరసవల్లి వచ్చే ప్రతి భక్తుడికీ అప్పటికప్పుడు పొయ్యి వెలిగించి పులిహోర కలిపిస్తే క్యూ కదులుతుందా? వర్డ్‌ప్రెస్, జూమ్లాలను ఉన్నవి ఉన్నట్టు వదిలేస్తే చేసే పని దాదాపు అదే. ఎవరు పేజీ అడిగినా సమాచారం దాచిన డేటాబేస్‌ను తట్టి లేపి మళ్లీ వండుతాయి. సిరిమానోత్సవం నాడు వేలమంది అడిగేది ఒకే పేజీ. దాన్ని ఒకసారి వండి గంగాళంలో పెట్టుకుంటే చాలు. దాన్నే క్యాషింగ్ అంటారు. సర్వర్ కుప్పకూలితే సాఫ్ట్‌వేర్‌ను తిట్టేవారు, చాలాసార్లు, ఈ ఏర్పాటు ఉందో లేదో చూడరు.

మా మటుకు మున్సిపాలిటీకి, గుడికి వర్డ్‌ప్రెస్ చాలు. నోటీసు పెట్టడం గుమస్తాకు రెండు పూటల్లో పట్టుబడుతుంది, రిపేరుకు మనిషీ దొరుకుతాడు. పది విభాగాలు, అంచెలంచెల ఆమోదాలు, తెలుగు-ఇంగ్లిష్ పేజీలు పక్కపక్కనే కావాలనుకునే యూనివర్సిటీకి ద్రూపల్ మేలు. అయితే అది తెలిసినవాణ్ని వెతుక్కోవాలి, జీతమూ ఎక్కువే. జూమ్లాతో ఇప్పటికే బాగా నడుస్తున్న సైటును కదపక్కర్లేదు.

అసలు గండం తర్వాత వస్తుంది. 2014 అక్టోబరు 15న ద్రూపల్‌లో పెద్ద లొసుగు బయటపడి, మరమ్మతు కూడా అదే రోజు విడుదలైంది. ఏడు గంటల్లోగా దాన్ని వేసుకోని సైట్లు దొంగల చేతిలో పడ్డట్టే లెక్కేసుకోమని ఆ తర్వాత భద్రతా బృందమే చెప్పింది. ఏడు గంటలు! మన ఆఫీసుల్లో ఫైలు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి పోవడానికి పట్టే టైమ్ తెలిసిందేగా. 2011లో వచ్చిన ద్రూపల్ 7కు 2025 జనవరి 5తో మద్దతే ఆగిపోయింది. ఇంకా దాని మీదే నడుస్తున్న సైటు తాళం లేని ఇల్లే. వర్డ్‌ప్రెస్‌లో బెడద ఎక్కువగా ప్లగిన్లతో, అంటే అదనపు పనుల కోసం తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్లతో. స్లైడరుకొకటి, సందర్శకుల లెక్కకొకటి తగిలించుకుంటూ పోతే అసలు కంటే కొసరు ఎక్కువవుతుంది. ఆ కొసరులోంచే దొంగ దూరతాడు.

కాబట్టి టెండరులో సాఫ్ట్‌వేర్ పేరు కన్నా ముందు రాయాల్సినవి వేరే ఉన్నాయి. అయిదేళ్లు అప్‌డేట్లు వేసేదెవరు, దానికి ఏటా డబ్బు ఏ పద్దులోంచి? డొమైన్ (సైటు చిరునామా), సర్వర్ పాస్‌వర్డ్, బ్యాకప్ కార్యాలయం పేరునే ఉన్నాయా? కాంట్రాక్టరుతోపాటు పాస్‌వర్డూ వెళ్లిపోయే పద్ధతి ఇకనైనా ఆగాలి.

ఇంకొకటి. అడ్డంగా స్కాన్ చేసిన ప్రకటన బొమ్మను పెట్టి తెలుగులో సమాచారం ఇచ్చామంటే కుదరదు. గూగుల్‌కు అది సరిగా దొరకదు, చూపులేని వారి ఫోన్ దాన్ని సరిగా చదివి వినిపించలేదు, బలహీనమైన సిగ్నల్ మీద తెరుచుకోదు. ఏ ఫోన్‌లోనైనా అక్షరాలుగా కనిపించే యూనికోడ్‌లో నాలుగు లైన్లు టైపు చేస్తే పోయేదేముంది?

అక్టోబరు వచ్చేలోపు ప్రతి కార్యాలయమూ తన సైటు మీద ఒకేసారి వేలమంది పడితే ఏమవుతుందో పరీక్ష చేయించాలి. ఆ ఫలితాన్ని అదే సైటులో పెట్టాలి, స్కాన్ చేయకుండా.