మూడు వేల కిలోమీటర్లు, ఒక్క గజం

అమెరికా ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో విసిరే, మోసుకుపోయే ఆట. అక్కడి కాలేజీ జట్లు కూటములుగా ఆడతాయి. అందులో బిగ్ టెన్ అనే కూటమి ఉంది. 2024లో అందులో 18 జట్లు. బిగ్ ట్వెల్వ్ అనే కూటమిలో 16. ప్యాక్ ట్వెల్వ్‌లో మిగిలినవి రెండే. పసిఫిక్ పక్కనున్న స్టాన్‌ఫర్డ్ అట్లాంటిక్ తీర కూటమిలో చేరింది. ఇవన్నీ విశ్వవిద్యాలయాలు. గణితం, భూగోళం కూడా చెబుతాయట.

ఆ ఏడాదే లాస్ ఏంజెలెస్‌లోని యు.ఎస్.సి. (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) కూడా బిగ్ టెన్‌లో కాపురం పెట్టింది. టీవీ సొమ్ము చూసి సంబంధం ఖాయం చేసుకున్నది పెద్దలు, అత్తింటి చాకిరీ మాత్రం ఎదుటి జట్టును ఆపే డిఫెన్స్ కుర్రాళ్లది. పాత కూటమి ప్యాక్ ట్వెల్వ్‌లో బంతి ఎక్కువసేపు గాలిలోనే ఉండేది. 2023లో వాషింగ్టన్ మీద ఈ జట్టు 42 పాయింట్లు చేసి, 52 ఇచ్చి ఓడింది. మర్నాడే డిఫెన్స్ కోచ్‌ను సాగనంపారు.

కొత్త కూటమి పద్ధతి వేరు. జనరల్ బోగీ ఎక్కే పద్ధతి. బంతిని చంకలో ఇరికించుకుని, ఎదురొచ్చిన వాణ్ణి తోసుకుంటూ నాలుగు గజాలు పోవడం, లేచి దులుపుకుని మరో నాలుగు గజాలు పోవడం. దీనికి నిపుణులు ముక్తకంఠంతో చెప్పిన మందు ఒక్కటే: పిల్లలు ఒళ్లు చేయాలి. సెలవులకొచ్చిన మనవణ్ణి చూసి అమ్మమ్మ అనే మాటే ఇది. అమ్మమ్మకు జీతం ఇవ్వరు, అంతే తేడా. వాపుకూ బలుపుకూ ఉన్న తేడా ఏదో ఆవిడకు తెలిసినంతగా వీరికి తెలుసా అన్నది నా సందేహం. పైగా అదే గుంపులో పడమటి నుంచి ఒరెగాన్, వాషింగ్టన్ కూడా వచ్చిపడ్డాయి. గాలిలో ఆడే ఆ పాత చుట్టాలతో ఆడే వారానికి మళ్లీ చిక్కిపోవాలి కాబోలు.

కొత్త డిఫెన్స్ కోచ్ డాంటన్ లిన్‌ను ఊళ్లోని ఆగర్భ శత్రువు, మరో విశ్వవిద్యాలయం యు.సి.ఎల్.ఎ. నుంచే తెచ్చుకున్నారు. పనిమంతుడే. 2023లో ఆటకు 34 పాయింట్లకు పైగా ఇచ్చిన డిఫెన్స్, మరుసటి ఏడాది 24 దగ్గర ఆగింది. ఇంతటి సంస్కరణ ఫలితంగా గెలుపులు 8 నుంచి 7కు తగ్గాయి.

2024 సెప్టెంబరు 21న కొత్త కూటమిలో తొలి ఆట. మూడు వేల కిలోమీటర్లకు పైగా ఎగిరి మిషిగన్ జట్టు సొంతూరు యాన్ ఆర్బర్ చేరారు. మిషిగన్ ఆట మొత్తం మీద బంతిని విసిరి సంపాదించింది 32 గజాలు. మోసుకుని పరిగెత్తింది 290. ఏం చేయబోతున్నారో మైదానంలో అందరికీ తెలుసు. దాపరికమే లేదు. యు.ఎస్.సి. 24-20తో ముందున్నప్పుడు మిషిగన్ ఆటగాడు కేలెల్ మల్లింగ్స్ మీద పడ్డవాళ్లను విదిలించుకుని 63 గజాలు పోయాడు. చివరికి నాలుగో ప్రయత్నం, అంటే ఆఖరి అవకాశం. గోల్ గీతకు ఒకే ఒక్క గజం. మళ్లీ అతనే, అదే తోపు. గడియారంలో మిగిలింది 37 సెకన్లు. మిషిగన్ గెలుపు, 27-24.

రెండు వారాలకు మినియాపొలిస్‌లో మిన్నెసోటా జట్టుతో కూడా ఆఖరి నిమిషం, నాలుగో ప్రయత్నం, గీత దగ్గర అదే తోపు. అక్కడా ఓటమే.

ఇంకెంత ఒళ్లు చేయాలో తేల్చడానికి నిపుణులు మళ్లీ కూర్చున్నారు. నాది చిన్న మనవి. ప్యాక్ ట్వెల్వ్‌లో ఆ ఏడాదికి సరిగ్గా పది ఖాళీలున్నాయి.