షోకేసులో శంఖం: చట్టం కొన్నవాళ్ల గుమ్మం ఎందుకు తొక్కదు?

ట్రైటన్ శంఖం అందంగా ఉంటుంది, అందులో వాదనేమీ లేదు. మూరెడు పొడవు, గోధుమ రంగు మీద ఈకలు పరిచినట్టున్న మచ్చలు, నోటి దగ్గర నారింజ ఛాయ. హాల్లో టీవీ పక్కన పెడితే వచ్చినవాళ్ల చూపు అక్కడే ఆగుతుంది. పూజగదిలో ఊదే శంఖం వేరు, అది మరో నత్తది. ఇది పగడపు దిబ్బల్లో తిరిగే వేట జీవిది. మన దేశంలో అండమాన్, లక్షద్వీప్‌ల దగ్గర కనిపిస్తుంది. 2001లో దీన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే పులి ఉన్న జాబితాలోనే చేర్చారు. అయినా ప్రపంచమంతటా ఇది ఇంటి అలంకరణ సరుకుగా చలామణీ అవుతూనే ఉంది. దీన్ని ఆపాలంటే పట్టేవాడి మీద కాదు, కొనేవాడి మీద గురి పెట్టాలి.

"ఒడ్డుకు కొట్టుకొచ్చింది, మేం చంపలేదు." శంఖాలు అమ్మే ప్రతిచోటా వినిపించే మాట ఇది. కొనేవాళ్లు కూడా నమ్మాలనుకుంటారు కాబట్టి నమ్ముతారు. కానీ గుల్లను చూస్తేనే నిజం తెలిసిపోతుంది. నత్త చచ్చాక గుల్ల అలల్లో, ఇసుకలో దొర్లుతుంది. రంగు వెలిసిపోతుంది, అంచులు విరుగుతాయి. స్పాంజీలు, పురుగులు దానికి సన్నటి రంధ్రాలు తొలుస్తాయి. సున్నపు పొరలు పేరుకుంటాయి. మెరుపు చెదరకుండా, అంచు పగలకుండా ఉన్న గుల్ల అంటే దాదాపు ఎప్పుడూ ప్రాణం ఉండగానే నీళ్లలోంచి తీసిందే. తర్వాత ఉడకబెట్టో, ఫ్రీజర్‌లో పెట్టో లోపలి మాంసాన్ని లాగేస్తారు. సేకరణ సరదా ఉన్నవాళ్లు మచ్చలేని గుల్లకే ఎక్కువ ధర ఇస్తారు. అంటే వాళ్ల డబ్బు నేరుగా బతికున్న నత్త మీదే పడుతోంది.

ఆ నత్త అక్కడ చేసే పని ఏమిటో చూస్తే కోపం ఇంకా పెరుగుతుంది. పగడాలను తినే ముళ్ల కిరీటం అనే సముద్ర నక్షత్రం ఉంది. ఒళ్లంతా విషపు ముళ్లు. ఒక ఆడ నక్షత్రం ఏటా కోట్లలో గుడ్లు పెట్టగలదు. ఇవి గుంపులుగా విరుచుకుపడితే దిబ్బ తెల్లటి ఎముకల గూడులా మిగులుతుంది. 1985 నుంచి 2012 మధ్య ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో పగడాల విస్తీర్ణం దాదాపు సగానికి పడిపోయిందని అక్కడి సముద్ర శాస్త్ర సంస్థ పరిశోధకులు లెక్కగట్టారు. అందులో 42 శాతం నష్టం ఈ నక్షత్రం వల్లే. ఆ ముళ్లను లెక్కచేయకుండా దాన్ని పట్టి తినే అతి కొద్ది జీవుల్లో ట్రైటన్ ఒకటి. శంఖాల కోసం ట్రైటన్లను ఊడ్చేయడమే ఈ దాడులకు కారణమని రాబర్ట్ ఎండీన్ అనే శాస్త్రవేత్త 1960ల చివర్లోనే హెచ్చరించాడు. ఇప్పుడు అక్కడ డైవర్లు నీళ్లలోకి దిగి, ఒక్కో నక్షత్రానికీ సూదితో పిత్త లవణాలో, వెనిగరో ఎక్కిస్తున్నారు. నత్త ఉచితంగా చేసే పనికి ప్రభుత్వం డబ్బు పోస్తోంది.

దీనికి ఎదురు వాదన ఉంది. ట్రైటన్లు ఎప్పుడూ అరుదే, వారానికి ఒక నక్షత్రాన్ని తినే నత్త లక్షల గుంపును ఏం ఆపుతుంది, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువులే అసలు కారణం అంటారు. ఎరువుల పాత్ర నేనూ ఒప్పుకుంటాను. కానీ ట్రైటన్ వాసన తగిలితేనే ఆ నక్షత్రాలు చెదిరిపోతాయని ఆస్ట్రేలియా పరిశోధనల్లో తేలింది. అవి గుడ్లు, వీర్యం నీళ్లలోకే వదులుతాయి కాబట్టి, దగ్గరదగ్గరగా ఉంటేనే ఎక్కువ గుడ్లు ఫలదీకరణం చెందుతాయి. గుంపును చెదరగొట్టే జీవి ఎన్నింటిని తిన్నదన్న లెక్క ఒక్కటే సరిపోదు. పోనీ పెంచి వదులుదామంటే, ట్రైటన్ పిల్లలు నెలల తరబడి నీళ్లలో తేలుతూ బతుకుతాయి. వాటిని పెద్దవి చేయడం ఎంతో కష్టం.

మరి చట్టం ఎవరిని పట్టుకుంటోంది? ఎర్రచందనం కథ మనకు కొత్త కాదు. 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. అందరూ కూలి కోసం తమిళనాడు నుంచి వచ్చినవాళ్లే అని వాళ్ల కుటుంబాలు చెప్పాయి. ఆ దుంగలతో చేసిన ఫర్నిచర్ మీద కూర్చున్నవాడి పేరు ఏ ఎఫ్‌ఐఆర్‌లోనూ మనం చూడలేదు. శంఖం విషయంలోనూ అదే వరస. ఊపిరి బిగబట్టి మునిగే జాలరి, బీచ్ దగ్గర బల్ల వేసుకున్న చిన్న వ్యాపారి సులువుగా దొరుకుతారు. మొదటి షెడ్యూల్ జీవి గుల్లను కొనడమూ, దగ్గర పెట్టుకోవడమూ నేరమే. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. అంత గట్టి చట్టం చేతిలో పెట్టుకుని, డబ్బిచ్చి ఈ వేటను నడిపిస్తున్నవాడి తలుపు తట్టకపోవడం అన్యాయం. పేదవాడి మీద మాత్రమే పనిచేసే అటవీ చట్టం అడవినీ కాపాడలేదు, సముద్రాన్నీ కాపాడలేదు.

జంతు వస్తువులు దగ్గరున్నవాళ్లు ప్రకటించుకోవడానికి కేంద్రం 2003లో ఒకసారి గడువు ఇచ్చింది. సముద్రపు గుల్లల కోసం మరోసారి ఇవ్వాలి. అలా వచ్చినవాటిని తీరప్రాంత స్కూళ్లకు, మ్యూజియాలకు పంపాలి. ఆన్‌లైన్‌లో శంఖం అమ్మే ప్రతివాళ్లూ అది ఏ జాతిదో, ఎక్కడిదో రాయాలి, రాయకపోతే అమ్మకం ఆపేయాలి. అండమాన్ నుంచి విశాఖ వచ్చే ఓడ దిగేచోట బ్యాగులు చూడాలి. గడువు దాటాక మొదటి కేసు జాలరి పడవ దగ్గర కాదు, ఖరీదైన ఇంటి హాల్లో నమోదు కావాలి.