ఏ1 ముద్దాయి బ్యాటరీ

ఇంజన్ పని చేయించుకుని వచ్చిన పాత కారు స్టార్ట్ కాకపోతే, ఆ పనిని అనుమానించడం పెద్దమనుషుల లక్షణం కాదు. మొన్నటిదాకా మూలుగుతూనో దగ్గుతూనో నడిచిన బండి, హెడ్ (ఇంజన్ పై భాగం) దించి, దాని కింద ఉండే గ్యాస్కెట్ అనే పొర మార్చి బిగించాక నోరు మూసుకుందంటే, అందుకు నూటొక్క కారణాలు ఉండొచ్చు. దించి బిగించడం మాత్రం అందులో ఉండదు. ఈ సంగతి మన షెడ్లలో ఏనాడో తేలిపోయింది. అప్పీలు లేదు.

ఏ1 ఎప్పుడూ బ్యాటరీయే. నోరు లేనిది, వారంటీ అయిపోయినది, పైగా కొత్తది కొనిపిస్తే కాస్తో కూస్తో మిగిలేది. వోల్టులు కొలిచే మల్టీమీటరు పెడితే దాని సంగతి నిమిషంలో తెలుస్తుంది. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 10కి కాస్త అటూ ఇటూ ఉంటే పాపం దాని తప్పేమీ లేదు. అందుకే మల్టీమీటరును సాక్షిగా పిలవరు. "బ్యాటరీ వీక్ సార్" అని ముందే తీర్పు చెప్పేసి, పొద్దుటినుంచి సెల్ఫ్ కొడుతూనే ఉంటారు. సాయంత్రానికి బ్యాటరీ నిజంగానే చచ్చి ఊరుకుంటుంది. నేరం రుజువైనట్టే కదా!

ఏ2 బండి వయసు. ఈ విషయంలో కేంద్ర ప్రభుత్వం కూడా మెకానిక్ పక్షమే. 15 ఏళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచింది. ముసలి బండి అంటే ముందే సగం దోషి అన్నమాట.

ఉదాహరణకు 1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతీ 800ను తీసుకోండి. అందులోనూ పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే కార్బురేటర్ ఉన్న పాతది. 796 సీసీ, మూడే సిలిండర్లు. బానెట్ ఎత్తితే దాచుకునేదేమీ ఉండదు. లోపల కంప్రెషన్ (గాలీ పెట్రోలూ నొక్కుకుపోయే ఒత్తిడి) ఉండాలి, పెట్రోలు రావాలి, స్పార్క్ రావాలి, ఆ స్పార్క్ వేళకు రావాలి. ప్లగ్గు ఊడదీసి ఇంజన్‌కు ఆనించి, సెల్ఫ్ కొట్టించి, టిక్కుమనే నీలం మెరుపు చూపించి "కరెంటు వస్తోంది, కళ్లారా చూశారుగా" అంటారు. చూశాం. ఏ వేళకు వస్తోందని అడిగితే మాత్రం చదువుకున్నవాళ్లతో ఇదే గొడవంటారు.

స్పార్క్‌ను వంతులవారీగా సిలిండర్లకు పంచేది డిస్ట్రిబ్యూటర్. దాని మూత మీద ప్లగ్గు వైర్లు మూడు. ఆ ఇంజన్ మండే వరుస ఒకటి, మూడు, రెండు. మూత తీసి పెట్టిన కుర్రాడు బుద్ధిగా బడిలో నేర్చుకున్నట్టు ఒకటి, రెండు, మూడు అని గుచ్చాడనుకోండి. ఒకటో సిలిండరు ఒక్కదానికే న్యాయం జరుగుతుంది. మిగతా రెండూ ఒకదాని నిప్పు ఇంకొకటి అందుకుంటాయి. బండి కార్బురేటర్‌లోంచి టప్పుమని తుమ్ముతుంది. చుట్టూ చేరినవాళ్లు "ఆ, అందుకుంటోంది, అందుకుంటోంది!" అని ఉత్సాహపరుస్తారు.

ఇంతకన్నా రసవత్తరమైనది టైమింగ్ గుర్తు, అంటే స్పార్క్ వేళను సరిచూసుకునే గీత. పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్, వాల్వులు తెరిచే ఇరుసు క్యామ్. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ తిరిగేది ఒక్క చుట్టే. కాబట్టి క్రాంక్ గీత గుర్తుకు ఎదురుగా రెండుసార్లు వస్తుంది. ఒకసారి లోపల గాలీ పెట్రోలూ నొక్కుకుపోయి నిప్పు కోసం కాచుకున్నప్పుడు, ఇంకోసారి పొగ బయటికి పోయాక. ఈ రెండోదానికి డిస్ట్రిబ్యూటర్ బిగిస్తే గీతకు గీత కలిసే ఉంటుంది, ఫైలు ప్రకారం అంతా సక్రమం, బండి మాత్రం కదలదు. ఒకటో ప్లగ్గు కన్నం మీద బొటనవేలు పెట్టి ఇంజన్ తిప్పిస్తే, గీత కలిసేటప్పుడు గాలి వేలిని తోస్తోందా లేదా అన్నదాన్నిబట్టి ఏది అసలుదో తెలిసిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు. అందువల్ల బిల్లులో రాయడానికి వీలుపడదు.

ఇక శాఖల మధ్య సమన్వయం. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట ఏ పనికి ఆ మనిషి ఉంటాడు. ఇంజన్ మేస్త్రీ "నా పని పక్కా, ఎలక్ట్రీషియన్‌ని అడగండి" అంటాడు. ఎలక్ట్రీషియన్ "కరెంటు పక్కా, కార్బురేటర్ చూపించండి" అంటాడు. కార్బురేటర్ ఆయన తెరిచి, ఊది, మూసి, డబ్బులు తీసుకుని "ఇంజన్‌లోనే ఏదో ఉందండీ" అంటాడు. ఈ ముగ్గురూ వంగి చూస్తున్న చోటే, గేర్‌బాక్స్ నుంచి బాడీకి బిగించాల్సిన ఎర్త్ పట్టీ (కరెంటు బ్యాటరీకి తిరిగివెళ్లే దారి) ఊడి వేలాడుతూ ఉంటుంది. సెల్ఫ్ నీరసంగా తిరగడం దాని పుణ్యమే. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజన్‌కు ఒక జంపర్ కేబుల్ కలిపి చూస్తే తెలిసిపోయేది. కానీ ఎర్త్ ఏ శాఖ కిందికి వస్తుందో ఇంకా తేలలేదు.

బిగించాక డబ్బాలో మిగిలిపోయిన రెండు బోల్టుల గురించి అడిగేరు, జాగ్రత్త. "కంపెనీవాళ్లు ఎక్స్‌ట్రా పెడతారండీ" అన్నది అధికారిక సమాధానం.

ఈలోగా ఎవరో దిష్టి అంటారు, టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. రిటైరైన బాబాయిగారొకరు తమ ఫియట్ రోజులు తలుచుకుని "సెకండ్ గేర్లో వేసి తోయండ్రా" అని ఆజ్ఞాపిస్తారు. వీధి చివరిదాకా తోస్తారు. కాలిన పెట్రోలు వాసన రాదు గానీ, కాలని పెట్రోలు వాసన మాత్రం గుప్పుమంటుంది.

చివరికి కొత్త బ్యాటరీ వస్తుంది. పాతది ఎక్స్ఛేంజ్‌లో పోతుంది. కొత్తదానితో కూడా బండి తుమ్ముతుంది, కాకపోతే ఇంకాస్త గట్టిగా. అప్పుడు అటుగా పోతున్న ఏ ముసలి డ్రైవరో ఆగి, మూత మీద వైర్ల వరుస చూసి, మాటైనా మాట్లాడకుండా రెండూ మూడూ అటుదిటు మార్చి పెడతాడు. ఒక్క సెల్ఫ్‌కే బండి అందుకుంటుంది.

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ ఓనరు వైపు తిరిగి అంటాడు: "బ్యాటరీయేనని పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నా కదండీ!"