పైపులు మార్చకుండా ‘ముగిసింది’ అంటే ఎలా?

జింబాబ్వేలో కలరా ముగిసిందని అక్కడి ప్రభుత్వం 2024 ఆగస్టులో ప్రకటించింది. నవంబరు వచ్చేసరికి కరీబాలో మళ్లీ కేసులు బయటపడ్డాయి. వ్యాధి తగ్గుముఖం పట్టగానే విజయం చాటుకోవడం, పగిలిన మురుగు పైపులను అలాగే వదిలేయడం ఆ దేశ పాలకులకు పరిపాటి అయిపోవడం మమ్మల్ని కలవరపెడుతోంది.

2008 ఆగస్టులో చితుంగ్విజాలో మొదలైన కలరా ఏడాది తిరగకముందే 4,200 మందికి పైగా ప్రాణాలను బలిగొంది. దాదాపు లక్ష మంది జబ్బుపడ్డారు. ఆ డిసెంబరు మొదట్లో శుద్ధి రసాయనాలు నిండుకుని రాజధాని హరారేలో కుళాయిలు ఆగిపోయాయి, పెద్దాసుపత్రులు రోగులను చేర్చుకునే స్థితిలో లేవు. సరిగ్గా అదే నెలలో అధ్యక్షుడు రాబర్ట్ ముగాబే కలరాను అరికట్టేశామని ప్రకటించారు. ఆయన సమాచార మంత్రి మరో అడుగు ముందుకేసి, ఇది బ్రిటన్ పన్నిన జీవాయుధ దాడి అన్నారు. చావులు మాత్రం ఆగలేదు.

పదేళ్ల తర్వాత, 2018 సెప్టెంబరులో, హరారే శివార్లలోని గ్లెన్ వ్యూ, బుదిరిరోలలో మురుగు పైపులు పగిలి, ఆ నీరు జనం తాగే బోర్లలో కలిసింది. 2008లోనూ బుదిరిరో అల్లాడింది. కుళాయి రాని ఇళ్లవాళ్లు బోరు దగ్గర బిందెలతో బారులు తీరడం తప్ప చేయగలిగిందేముంది? 2018లో పోలీసులు ప్రతాపం చూపింది వీధి వ్యాపారుల మీద. ఆర్థిక మంత్రి చందాలకు చేయి చాచారు. ఆ తర్వాత 2023 ఫిబ్రవరిలో చెగుటులో మొదలైన విడత 700 మందికి పైగా పొట్టనబెట్టుకుంది.

అంతర్జాతీయ ఆంక్షలు, కరవు, కుప్పకూలిన కరెన్సీ వల్ల ఖజానా చితికిపోయిందన్న వాదనలో కొంత నిజముంది. అయితే నగరం మురుగు చేరేదీ, నగరం తాగునీరు తోడుకునేదీ ఒకే చివెరో సరస్సు అయినప్పుడు, ఆ ఏర్పాటును దశాబ్దాల తరబడి సహించినవాళ్లకు ఆంక్షలు సాకు కాలేవు. ఉప్పు, చక్కెర కలిపిన శుభ్రమైన నీటితో, సకాలంలో ఎక్కించే సెలైన్‌తో నయమయ్యే జబ్బు ఇది. చికిత్స అందితే నూటికి ఒక్కరు కూడా చనిపోకూడని చోట, 2008-09లో నూటికి నలుగురికి పైగా పోయారు.

టీకా మీద భారం వేసి ఊరుకోవడానికీ లేదు. నిల్వలు చాలక, రెండు డోసుల బదులు ఒక్కటే వేయాలని 2022 అక్టోబరులో అంతర్జాతీయ సంస్థలు నిర్ణయించాల్సి వచ్చింది. మన హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ కలరా టీకా తయారీని ఆపేయడమూ ఆ కొరతను పెంచింది. టీకా కొంత గడువు ఇస్తుంది. ఆ గడువులో పైపులు వేయాల్సింది ప్రభుత్వమే.

ప్రతి ముగింపు ప్రకటనా పాలకులకు క్షమాపత్రంగా మారుతోంది. దాన్ని చూసి దాతలు సర్దుకుంటారు, కెమెరాలు వెళ్లిపోతాయి, గ్లెన్ వ్యూ వీధుల్లో మురుగు మళ్లీ పొంగుతుంది. కేంద్ర ప్రభుత్వమూ, ప్రతిపక్షం చేతిలో ఏళ్లుగా ఉన్న హరారే నగరపాలక సంస్థా ఒకరినొకరు తిట్టుకుంటూ మరో వానాకాలాన్ని దాటేయాలని చూడటం సిగ్గుచేటు. ఏ వీధిలో ఎంత పైపు మార్చారో, ఏ బోరు నీటిని పరీక్షించారో లెక్క చెప్పలేని ప్రభుత్వానికి, కలరా ముగిసిందని ఇంకోసారి ప్రకటించే హక్కు లేదు.